గీతలో సొట్ట

ఎత్తగూడదు. ఈ పొద్దు మాత్రం ఎత్తనే గూడదు. ఎమ్మిగనూరు దాటి బండి ఆదోని రోడ్డెక్కినప్పటి నుంచి ఉమేర్ మనసులో ఈ ఒక్క మాటే తిరుగుతా ఉంది, అక్క రుక్సార్ ఇంటి సందులో వినపడే మగ్గం దెబ్బ మాదిరి, పడిందే పడతా. కుడికాలు ఎక్సలేటర్ మీద ఉంది. టాటా ఏస్ బండి, వెనక తొట్టి ఖాళీ, ముందర ఇద్దరే. పక్కసీట్లో నాయన మహమ్మద్ అలీ తల వెనక్కి ఆనించి కండ్లు మూసుకున్నాడు, నిద్రపోయినాడో, మాట్లాడే ఓపిక లేక అట్లున్నాడో. ఆయన కుడికాలు మోకాలి కింద జానెడుతోనే ఆగిపోయింది. తెల్లగుడ్డ చుట్టుకోని, గేరు రాడ్డు పక్కన, అక్క ఇచ్చిన దిండు మీద పడుకోనుంది. దాన్ని చూడగూడదని ఉమేర్ రోడ్డును చూస్తాడు. రోడ్డును చూస్తే ముందర రాబోయే దర్గా మలుపు గుర్తొస్తాది. అది గుర్తొస్తే యాడో మద్రాసు పక్కనున్న రేసు ట్రాక్ మీద నాలుగో మలుపు గుర్తొస్తాది, ఆ మలుపు గుర్తొస్తే నందిని చూపించిన సొట్ట. చుట్టూ తిరిగి మళ్ళా కాలి కాడికే వస్తాది. ఎత్తగూడదు.

సొట్ట అనేది ఆ పిల్ల పెట్టిన పేరే. నందినిది బళ్ళారి. రేసు టీములో గీతలు చదవడం ఆమె పని. గీతలు చదివేదానికి కూడా ఉద్యోగం ఉంటాదని ఉమేర్‌కు ఆ టీములో చేరినాకనే తెలిసింది. కారు ఒంటినిండా సెన్సర్లే. బ్రేకు ఎంత గట్టిగా తొక్కినాడు, స్టీరింగు ఎంత తిప్పినాడు, ఎక్సలేటర్ నూటికి ఎంత నొక్కినాడు, ఏ చోట ఎంత వేగం, అన్నీ రాసిపెట్టుకుంటాది అది. కారు షెడ్డులోకి రాగానే, వీడు హెల్మెట్ కూడా తీయకముందే, ఆ పిల్ల వైరు గుచ్చి అంతా లాప్‌టాప్‌లోకి లాక్కుంటాది. ట్రాక్ ఒక చుట్టు తిరిగితే ఒక ల్యాపు, ఒకరి ల్యాపు మీద ఇంకొకరి ల్యాపు పరిచి చూస్తాది. టీములో ఇంకో డ్రైవరు సంతోష్‌ది నీలం గీత, ఉమేర్‌ది ఎర్ర గీత. "ఈడ సూడు, బ్రేకు కాడ నువ్వే మేలు. వానికంటే ఆలస్యంగా తొక్కి వానికంటే బిరీన వదుల్తావు. మెలిక మలుపుల్లో నువ్వే మేలు. మరి ఈడికొచ్చేసరికి ఏనాయ్తప్పా, ఏమైతాది నీకు?" అని పెన్నుతో తెర మీద పొడిచి చూపించింది. నాలుగో మలుపు. పొడుగాటి మలుపు, బ్రేకుతో పనే లేదు, కాలు అట్లే అదిమిపెట్టి తిరిగిపోవల్ల. సంతోష్ గీత ఆడ పలకమాదిరి సమంగా ఉంది. ఉమేర్ గీతలో చిన్న సొట్ట. నూటి నుంచి డెబ్బైకి దిగి మళ్ళా నూటికి ఎక్కింది. రెప్పపాటే, కానీ ఆ మలుపు దాటితే ట్రాక్‌లోకెల్లా పొడుగాటి తిన్నని దావ, మలుపులో పోగొట్టుకున్న వేగం ఆ దావ పొడుగునా రాదు. నేను ఎత్తలేదు అన్నాడు ఉమేర్. ఎత్తినావు అంది. అమ్మతోడు ఎత్తలేదు. ఆ పిల్ల ఇంకో ల్యాపు తీసింది, ఇంకోటి తీసింది, అన్నిట్లో అదే చోట అదే సొట్ట. "నువ్వు ఎత్తలేదేమో. కాలు ఎత్తింది."

సెన్సరు చెడిపోయిందని కూడా వాదించినాడు, సిగ్గులేకుండా. అదే కారులో సంతోష్‌ను కూర్చోబెట్టి తిప్పినారు. సొట్ట లేదు. అప్పుడు టీము యజమాని లక్ష్మప్ప కుర్చీలో నుంచి లేవకుండానే తీర్పు చెప్పినాడు. "భయం. దానికి మందు లేదప్పా. పోగొట్టుకోనన్నా రావల్ల, ఇంటికన్నా పోవల్ల." వచ్చే సీజనుకు ఒకే సీటు, ఇద్దరు మనుషులు. ఆదివారం ఆఖరి పరుగు. సొట్ట పోతే సీటు ఉమేర్‌ది, పోకపోతే సంతోష్‌ది, ఉమేర్ మళ్ళా బెంగళూరులో పిల్లలు తిరిగే చిన్న కార్ల షెడ్డుకు, టైర్లు మార్చే పనికి. ఆ షెడ్డు నుంచి పైకొచ్చినోడే వీడు. అందరూ పోయినాక సాయంత్రం ఖాళీ ట్రాక్ మీద తిప్పుకుంటా ఉంటే ఎవరో చూసి, ఎవరికో చెప్పి, ఆ ఎవరో పిలిచి, అట్లా ఎగిరొచ్చిన అదృష్టం. రెండోసారి అట్లా ఎవరు పిలుస్తారు? ఎవరూ పిలవరు. రేపు పొద్దున ఆదోని స్టేషన్లో మద్రాసు రైలెక్కల్ల. భయమా? నాకా? దసరాకు దేవరగట్టులో తలలు పగిలే కట్టెల కొట్లాట మధ్యన నిలబడే సావాసగాళ్ళతో పెరిగినోన్ని, నాకు భయమా అని లక్ష్మప్పను లోపల్లోపల ఎన్నిసార్లు తిట్టుకున్నాడో. తిట్టుకుంటా తిట్టుకుంటా, ఏమో, భయమేనేమో అని కూడా అనుకున్నాడు. తన కాలే తన మాట వినలేదంటే, ఇంక తన గురించి తనకేం తెలుసని చెప్పుకోవల్ల?

"ఎడంపక్క ఎనక టైరు గాలి తక్కువుంది." నాయన కండ్లు తెరవలేదు. నిద్ర కాదన్నమాట. "సూసినా నాయనా, ఊరికి పోయి కొట్టిస్తా." "రేసు రేసంటావు, ఎద్దులబండి తోలినట్ల తోల్తాండావే! ఆ సైకిలోడు సూడు, మనల్ని దాటేసేటట్లున్నాడు." ఉమేర్‌కు నవ్వొచ్చింది. "నీ కాలుకు దెబ్బ తగుల్తాదని మెల్లగా పోతాండా." "యాడుంది కాలు, తగిలేకి?" అన్నాడు నాయన, ఆయనా నవ్వినాడు, ఆ నవ్వు గొంతు దాటి రాలేదు. మళ్ళా తల ఆనించినాడు. కిటికీ బయట నల్లరేగడి, తీసేసిన పత్తి కట్టెలు, దూరంగా బండరాళ్ళ గుట్టలు ఎండకు ఎర్రబడి. ముప్పై ఏండ్లు ఈ రోడ్డు మీద తిరిగిన మనిషి. మొదట ఆదోని మిల్లుల నుంచి పత్తి బేళ్ళ లారీ, ముసలితనానికి ఈ చిన్నబండి. తాత ఇంటింటికీ తిరిగి దూదేకినాడు, నాయన ఆ దూదిని ఊరూరికీ తోలినాడు, నువ్వేమో ఉత్త గాలిని తోల్తాండావు, యాడ బయల్దేరినావో ఆడికే తిరిగొచ్చేదానికి అంత పెట్రోలా అని అమ్మ అక్బర్‌బీ ఎగతాళి చేస్తాది. నాయన మాత్రం ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. ఫోనులో వీడి రేసు వీడియో పెట్టుకోని, వచ్చినోళ్ళందరికీ చూపించి, "మలుపు కాడ సూడు, మలుపు కాడ సూడు" అంటాడంట. అక్క చెప్పింది. మలుపు కాడ చూడమంటాడంట! నాయనా, ఆ మలుపు కాడనే నా బతుకు సొట్టపడింది.

ఆ వీడియోలోనే నందిని ఇంకోటి కనిపెట్టింది. కారు లోపలి కెమెరాలో, నాలుగో మలుపు మొదట్లో, ఉమేర్ కుడిచేతి వేళ్ళు స్టీరింగును వదిలి రవ్వంత తెరుచుకుంటాయి. మళ్ళా మూసుకుంటాయి. కాలు ఎత్తినప్పుడే. "ఆడ ఎవరికన్నా దండం పెడ్తాండావా ఏంది?" అని తమాషాకు అడిగింది. తమాషాకు అడిగిన ఆ మాటే నిజమని వీనికి ఈ పొద్దున తెలిసింది. నాయనను అక్క ఇంటి నుంచి పిల్చుకోని వద్దామని ఒక్కడే ఇదే బండిలో ఇదే రోడ్డు మీద పోతా ఉన్నాడు. కాలు నిలకడగా పెట్టడం నేర్చుకోమని నందిని ఫోనులో పెట్టిచ్చిన, బండి వేగాన్ని గీతగా గీసే యాప్, ఫోను అద్దానికి అతికించి, దారంతా నడిపించుకుంటా పోతాండాడు. మిట్ట ఎక్కినాడు. మలుపు తిరిగే చోట చిన్న దర్గా, సున్నం గోడ, పైన ఆకుపచ్చ గుడ్డ గాలికి కొట్టుకుంటా ఉంది. చేయి తనంతట తాను నుదుటికి పోయింది. కాలు తనంతట తాను లేచింది. మలుపు దాటినాక గానీ వానికి దిమ్మ తిరగలేదు. బండి పక్కకు తీసి ఫోను చూసినాడు. చక్కని గీత, నడిమధ్యలో సొట్ట. అదే సొట్ట. అచ్చంగా అదే! నాలుగో మలుపు కాడ, జెండాలు ఊపేవాళ్ళు నిలబడే గుడిసె మీద, ఎండకు అడ్డంగా కట్టిన గుడ్డ ఒకటుంది. అది ఆకుపచ్చది. అది ఆడ ఉందని కంటికి తెలుసని కూడా వీనికి తెలియదు. నందినికి ఫోను చేసి చెప్పినాడు. "ఆ గుడ్డ తీయించుదామా?" అంది ఆ పిల్ల. "ఆ గుడ్డ తీస్తే ఇంకో ట్రాకులో ఇంకోటి కనపడ్తాది. కాలికే సెప్పల్ల" అన్నాడు వీడు. "అయితే సెప్పు. తిరిగొచ్చేటప్పుడు ఆడ ఎత్తకుండా దాటు. తెలిసి దాటు. ఒక్కసారి దాటితే కాలికి అర్థమైతాది." చెప్పినంత సులువా? ఆ పిల్లకేం, గీత తెలుసు. ఆ కాలు ఎవరిదో తెలియదు.

ఆ కాలు వీనిది కాదు. చిన్నప్పుడు పత్తి లారీలో నాయన తన కాళ్ళ మధ్యన నిలబెట్టుకునేవాడు. వీని అరికాలు నాయన కుడిపాదం మీద. చెప్పుల్లేని పెద్దపాదం, మడమ పగుళ్ళు, బొటనవేలు మీద నల్లటి కాయ, దాని మీద వీని బుడ్డపాదం, కింద ఎక్సలేటర్. నాయన తొక్కితే వీడు తొక్కినట్టు. లారీ వీడే తోల్తాండాడు, లోకమంతా వీడే తోల్తాండాడు. వెనక నుంచి పత్తి వాసన, నాయన బనీను చెమట వాసన, బీడీ వాసన. ఈ మిట్ట ఎక్కినాక, దర్గా గుడ్డ కనపడగానే, నాయన పాదం లేచేది, దాంతోపాటు వీని పాదం లేచేది, అట్లా తేలిపోయేది బండి, మోత తగ్గి, దర్గా ముందర నుంచి ఊరకే జారిపోయేది. ఈ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లందరికీ అదే పద్ధతి. ఎవరు పెట్టినారో తెలియదు. లారీ మల్లప్ప ఎత్తుతాడు, ట్రాక్టర్ మాదన్న ఎత్తుతాడు, బస్సు కూడా రవ్వంత నెమ్మదైతాది. బ్రేకు తొక్కగూడదు, తొక్కితే భయపడినట్టు, దర్గాలో పండుకున్న తాతకు భయపడాల్సిన పనిలేదు అనేవాడు నాయన. కాలు ఎత్తితే సాలు, అదే సలాం. చేయి నుదుటికి తాకించుకోని, దర్గా దాటినాక, వీని చెవిలో చెప్పేవాడు: "ఇంగ తొక్కు." రెండు పాదాలు కలిసి దిగేవి. లారీ గర్జించేది. వీడు కిలకిలా నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే లారీ ఎక్కేవాడేమో. ఎత్తడం అట్లా నేర్చుకున్నాడు, మాటలు నేర్చినట్టు, అన్నం తినడం నేర్చినట్టు, నేర్చుకుంటున్నానని తెలియకుండానే.

మరి ఆ పాదం ఏమైంది? షుగరు. చెప్పులో గుచ్చుకున్న ముల్లు, నొప్పి తెలియని కాలు, చూసుకునేసరికి వేలు నల్లబడి, వేలు పోతే సరిపోతాదన్నారు, వేలు పోయినాక పాదమన్నారు, పాదమన్నాక మోకాటి కింద వరకూ అన్నారు. ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతాంటే నాయన డాక్టరు చేయి పట్టుకోని, "సార్, ఎడమది తీసుకోండి సార్, కుడిది బండికి కావల్ల" అన్నాడు. డాక్టరు నవ్వినాడు, నర్సు నవ్వింది, వీడూ నవ్వినాడు, తలుపు మూసినాక గోడకు ఆనుకోని ఏడ్చినాడు. ముప్పై ఏండ్లు ఒక్కసారి తప్పకుండా ఎత్తిన కాలు! ఎండలో, వానలో, బేళ్ళ బరువుతో మిట్ట ఎక్కలేక బండి రొప్పుతాంటే కూడా ఎత్తిన కాలు. ఆ కాలినే తీసుకుపోతివే దర్గా తాతా. నీకు సలాం చేసిన కాలినే. అంతమందిలో ఆ కాలే కనపడిందా నీకు? కోపమొచ్చింది ఉమేర్‌కు, ఎవరి మీదనో తెలియని కోపం, రోడ్డు మసకేసింది. వెంటనే భయమొచ్చింది, లక్ష్మప్ప అన్న భయం కాదు, చిన్నప్పటి భయం. కాలు ఎత్తకుండా పోయిన లారీ ఒకటి ఈ మిట్ట కింద బోర్లా పడిందని చెప్పుకుంటారు. పడిందో లేదో ఎవరూ చూసింది లేదు. చూసినా చూడకపోయినా ఈ పొద్దు ఎత్తగూడదు. ఎత్తితే ఆదివారం ఎత్తుతాడు. ఎత్తకపోతే? నాయన చూస్తాడు. పక్కనే ఉన్నాడు. చూస్తే ఏమంటాడు? ఏమీ అనడు. అదే కష్టం.

మిట్ట మొదలైంది. ఇంజను గొంతు మారింది. ఫోను అద్దానికే అతుక్కోనుంది, గీత గీస్తానే ఉంది. ఉమేర్ ఓరగా చూసినాడు. నాయన నోరు రవ్వంత తెరుచుకోనుంది, గురక సన్నగా. ఈసారి నిజంగానే నిద్ర. పోనీ, మంచిదే, చూడడు. కాలు, ఒరే కాలూ, విను. ఈడ నేను చెప్పినట్టు విను. రెండు చేతులూ స్టీరింగు మీద గట్టిగా. సున్నం గోడ కనపడింది. గుడ్డ కనపడింది, గాలికి అటూ ఇటూ కొట్టుకుంటా. తొడ నరం గుంజింది. పాదం లేస్తానంటాంది, నిజంగా, ఎవరో కింద నుంచి మెల్లగా ఎత్తుతున్నట్టు, పగుళ్ళ మడమ, నల్లకాయ బొటనవేలు, వీని పాదం కింద ఇంకో పాదం. వద్దు నాయనా. వద్దు, నొక్కిపట్టినాడు. పండ్లు కొరుక్కోని నొక్కిపట్టినాడు. గోడ పక్కకొచ్చింది. బండి అదే మోతతో, అదే వేగంతో దర్గా ముందర నుంచి పోయింది.

అప్పుడు గేరు రాడ్డు పక్కన ఏదో కదిలింది. దిండు మీద నుంచి తెల్లగుడ్డ చుట్టిన మోకాలు లేచింది. నాయన నిద్రలోనే ఉన్నాడు, గురక ఆగలేదు. కానీ ఆ మోకాలు మెల్లగా లేచి, కింద ఏ ఎక్సలేటర్ లేకుండా, ఎత్తేదానికి ఏ పాదం లేకుండా, దర్గా దాటేంతవరకూ గాలిలో నిలబడింది. చేయి కూడా ఒళ్ళో నుంచి రవ్వంత లేచి, వేళ్ళు తెరుచుకోని, మళ్ళా పడింది. మోకాలు దిండు మీదికి దిగింది. ఉమేర్ తన కాలు చూసుకున్నాడు. అది కింద నొక్కుకోనే ఉంది. చెప్పినట్టు విన్నది. ఫోనులో గీత పలకమాదిరి సమంగా ఉంది. సొట్ట లేదు. గెలిచినాడు. సీటు గెలిచినట్టే. వానికి గుండె పగిలిపోయింది.

బండి ఆపినాడు. రోడ్డు ముందరా వెనకా ఖాళీ. ముక్కు తుడుచుకున్నాడు. రివర్స్ గేరేసి, రోడ్డు వారనే, మలుపు వెనక్కి, దర్గా వెనక్కి, మిట్ట మొదట్లో మైలురాయి దాకా తోలినాడు. ఆ ఊపుకు నాయన లేచినాడు. కండ్లు నులుముకోని అటూ ఇటూ చూసినాడు.

"ఏమిరా, ఎనక్కి పోతాండావు? ఏమన్నా మర్సిపోయినావా?"

"అవు నాయనా. ఒకటి మర్సిపోయినా."

నాయన దర్గా గుడ్డను చూసినాడు, కొడుకు మొగం చూసినాడు. ఉమేర్ మొదటి గేరేసినాడు, రెండోది, మూడోది. మిట్ట మీదికి బండి రొప్పుకుంటా ఎక్కింది. గోడ వచ్చింది. ఈసారి కాలు లేవలేదు, ఊరకే ఆగి చూస్తా ఉంది, ఏం చేయమంటావని. ఉమేర్ ఎత్తినాడు. పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి, తెలిసి, తానుగా ఎత్తినాడు. మోత తగ్గింది. చేయి నుదుటికి తాకించుకున్నాడు. పక్కన తెల్లగుడ్డ మోకాలు మళ్ళా లేచింది. ఈసారి నాయన మేలుకోనే ఉన్నాడు, తానే దాన్ని చూసుకున్నాడు, ఎవరిదో పిల్లోన్ని చూసినట్టు చూసినాడు.

"తీసేసినారని దానికింకా ఎవురూ సెప్పల్యా" అన్నాడు.

బండి ఊరకే జారుతా ఉంది, మోత లేకుండా, టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడకుండా. సున్నం గోడ వెనకబడింది, గుడ్డ వెనకబడింది. ఎండ ముందర అద్దంలోకి వచ్చింది. నాయన తన చేయి చాచి, ఉమేర్ కుడితొడ మీద పెట్టి, మెల్లగా ఒత్తినాడు.

"దాటినాం గదా. ఇంగ తొక్కు."